అమ్మ చుట్ట ముట్టలేదు, కట్టెల పొయ్యి మానేసి పన్నెండేళ్లయింది.. మరి ఈ ఆయాసం ఎక్కడిది?

చీపురుపల్లి చిన్నోడు | జనవరి 17, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. భోగి నాడు జరిగింది చెప్తాను. తెల్లవారుజామున మా వీధిలో మంట వేశాం. అమ్మ పిడకల దండ తెచ్చి మంటలో వేసింది. రెండడుగులు వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడిపోయింది. "ఊపిరి ఆడనేదురా" అంది. ఆ మాట అనడానికే రెండుసార్లు ఆగింది.

అమ్మకు 58 ఏళ్లు. రెండేళ్ల నుంచి మేడ మెట్లెక్కితే ఆయాసం. ఇన్నాళ్లూ ఒక డాక్టరు గారికి చూపిస్తున్నాం. ఈసీజీ తీశారు, గ్యాస్ అన్నారు, రక్తం తక్కువ అన్నారు, బలానికి సిరప్ రాశారు. ఆ సిరప్ ఖాళీ సీసాలు మా అటక మీద పదకొండు ఉన్నాయి. ఊదించి చూద్దామని ఒక్కసారీ అనలేదు. పండగ వెళ్లాక విజయనగరంలో వేరే ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఊదే పరీక్ష చేయించారు. మొదటి సెకనులో వచ్చిన గాలి 1.02 లీటర్లు, అంటే అమ్మ వయసుకూ ఎత్తుకూ ఉండాల్సిన దాంట్లో 53 శాతమట. మొత్తం ఊదిన గాలితో పోలిస్తే 0.61. సీఓపీడీ అని రాశారు, అంటే గాలిగొట్టాలు ఇరుకైపోయి ఊపిరి ఆడని దీర్ఘకాలిక జబ్బట.

అది పొగతాగే మగవాళ్లకు వచ్చే జబ్బనుకున్నాను. అమ్మ చుట్ట ముట్టలేదు, నాన్నకూ అలవాటు లేదు. ఏ ఫ్యాక్టరీలోనూ పని చేయలేదు. పైగా ఆ డాక్టరు గారు అడిగిన ప్రశ్నలు విచిత్రంగా ఉన్నాయి. "నెలలు నిండి పుట్టారా అమ్మా? చిన్నప్పుడు నిమ్ము చేసిందా?" అని. 58 ఏళ్ల మనిషిని పుట్టుక గురించి అడగడమేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

మెరక వీధి | జనవరి 17, రాత్రి 9:40

టెన్షన్ పడకు తమ్ముడూ. ఇంకో చోట చూపించు. మెషీన్లు తప్పు చూపిస్తాయి. మా తాత రోజుకు నాలుగు చుట్టలు కాల్చి 86 ఏళ్లు బతికాడు, చివరి ఏడాది కూడా పొలం గట్టు మీద నడిచాడు. కాల్చని మనిషికి సీఓపీడీ అంటే నేను నమ్మను.

---

ఊదండమ్మా | జనవరి 17, రాత్రి 10:05

నేను ఈ పరీక్ష చేసే టెక్నీషియన్‌నే, పదకొండేళ్ల నుంచి రోజూ ఇదే పని. మెషీన్ తప్పు చూపించడం అరుదు, ఊదడంలో తప్పులే ఎక్కువ. మీ అమ్మగారి వయసు ఆడవాళ్లతో నాకు ఒక ఇబ్బంది ఉంది. గొట్టం నోట్లో పెట్టగానే బుగ్గలు పూరించి మెల్లగా, నిదానంగా ఊదుతారు. పొయ్యి ఊదిన నోరు కదా! ఊదుగొట్టంతో అలాగే ఊదాలి, లేకపోతే బూడిద కళ్లలో పడుతుంది. మాకు కావాల్సింది దానికి రివర్సు. గుండెల నిండా పీల్చి, ఒక్కసారిగా ధన్‌మని వదిలి, ఇక గాలి లేదనిపించేదాకా ఆపకుండా ఊదాలి. కనీసం ఆరు సెకన్లు. ముక్కుకు క్లిప్పు. నేను పక్కన నిలబడి "ఊదండమ్మా ఊదండి ఊదండి ఊదండి" అని అరుస్తాను (ఈ పేరు అందుకే).

ఒకదానికొకటి సరిపోయేవి మూడు రావాలి. తర్వాత గొట్టాలు తెరుచుకునే మందు పీల్పించి పావుగంట ఆగి మళ్లీ ఊదించాలి. ఆ రెండో విడతలో కూడా నిష్పత్తి (మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకను గాలి వాటా) 0.70 కంటే తక్కువ ఉంటేనే సీఓపీడీ మాట. మీ కాగితంలో రెండు వరుసల అంకెలు ఉన్నాయా చూడండి.

---

చీపురుపల్లి చిన్నోడు | జనవరి 17, రాత్రి 10:21

ఉన్నాయండి. నేను రాసింది రెండో వరుస. మొదటిది 0.96 లీటర్లు. పెద్ద తేడా లేదు.

---

వంశధార గట్టు | జనవరి 18, ఉదయం 6:15

మా ఇంటావిడకు కూడా ఇదే కథ. ఆవిడ కాల్చదు గానీ నేను కాల్చేవాణ్ణి, ముప్ఫై ఏళ్లు, అదీ గదిలో కూర్చుని. రిటైరయ్యాక మానేశాను. ఆ మాట డాక్టరుకు చెప్పేటప్పుడు నా మొహం చూడాల్సింది.

---

తెల్లకోటు | జనవరి 18, మధ్యాహ్నం 2:30

ఛాతీ వైద్యం చదువుకున్నవాణ్ణి. మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి ఆమె మందుల గురించి మాట్లాడను. కానీ ఆ ప్రశ్న విచిత్రం కాదు. నా లెక్కన మొదట అడగాల్సిందే అది.

ఊపిరితిత్తి అంటే మన ఇంటి గాదె అనుకోండి. తల్లి కడుపులో నాలుగో నెల దాటేసరికి గాలిగొట్టాల కొమ్మలన్నీ ఏర్పడిపోతాయి. కొత్త కొమ్మలు ఆ తర్వాత రావు, ఉన్నవే పెరుగుతాయి. గాలి తిత్తులు మాత్రం చాలామటుకు పుట్టాకే వస్తాయి, ముఖ్యంగా మొదటి రెండు మూడేళ్లలో. ఎత్తు పెరిగే కొద్దీ ఊపిరీ పెరుగుతూ 20, 25 ఏళ్ల మధ్య గాదె నిండుతుంది. ఆ పైన తీయడమే గానీ పోయడం లేదు. పొగతాగని ఆరోగ్యవంతుడికి కూడా మొదటి సెకను గాలి ఏడాదికి 20 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. అది వయసు ధర్మం.

కాబట్టి 58 ఏళ్లకు గాదె అడుగు కనిపించిందంటే రెండు దారులున్నాయి. ఒకటి, నిండు గాదెనే పందికొక్కులు తిన్నాయి: పొగాకు, కట్టెల పొగ, దుమ్ము. రెండు, అది ఎప్పుడూ నిండలేదు. చాలాకాలం మేము మొదటి దారి ఒక్కటే చూశాం. 2015లో అమెరికా, డెన్మార్క్ దేశాల్లో ఏళ్ల తరబడి గమనించిన మనుషుల లెక్కలు కలిపి చూస్తే, సీఓపీడీ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి తగ్గే వేగం మామూలుగానే ఉంది. వాళ్లకు నలభై ఏళ్ల లోపే ఊపిరి తక్కువ. నలభై లోపు మొదటి సెకను గాలి ఉండాల్సిన దాంట్లో 80 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లలో 26 శాతం మందికి తర్వాత ఇరవై రెండేళ్లలో సీఓపీడీ వచ్చింది. 80 దాటి ఉన్నవాళ్లలో 7 శాతం మందికే.

అందుకే పుట్టుక గురించి అడుగుతాం. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే చోట పుట్టిన పిల్లల బరువులు రాసిపెట్టిన పాత రిజిస్టర్లు ఉన్నాయి. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాక డేవిడ్ బార్కర్ బృందం వాళ్ల ఊపిరి కొలిచింది. పుట్టినప్పుడు బరువు తక్కువున్నవాళ్లకు అరవై దాటాక కూడా ఊపిరి తక్కువే. 1991లో అచ్చయింది. ఏడాది లోపు నిమ్మో, కోరింత దగ్గో వచ్చినవాళ్లకు ఇంకా తక్కువ.

---

మెరక వీధి | జనవరి 18, సాయంత్రం 4:02

డాక్టర్ గారూ, మరి మా తాత?

---

తెల్లకోటు | జనవరి 18, సాయంత్రం 4:20

మీ తాతగారికి గాదె నిండుగా దొరికింది, పందికొక్కు కాస్త సాధువు. పొగ అందరినీ ఒకేలా తినదు. లండన్‌లో ఉద్యోగాలు చేసుకునే మగవాళ్లను ఫ్లెచర్, పీటో అనేవాళ్లు ఎనిమిదేళ్లు వెంటబడి కొలిచి 1977లో ఇదే చెప్పారు. పొగతాగినా చాలామందికి ఊపిరి మరీ వేగంగా పడిపోలేదు, కొందరికి మాత్రం దారుణంగా పడిపోయింది. ఆ కొందరిలో మనం ఉన్నామో లేదో ముందు తెలియదు. అదే లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. మానేసినవాళ్లకు పోయిన ఊపిరి తిరిగి రాలేదు గానీ, తగ్గే వేగం మాత్రం ఎన్నడూ కాల్చనివాళ్ల వేగానికి దగ్గరగా వచ్చింది. వంశధార గట్టు మాస్టారూ, ఇది మీకు.

---

చీపురుపల్లి చిన్నోడు | జనవరి 18, రాత్రి 8:47

ఇది చదివి అమ్మను కూర్చోబెట్టి అడిగాను. నవ్వింది. "నాను ఏడో నెల పిల్లనిరా. మాయమ్మ నన్ను చేటలో పాత బట్ట పరిచి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టీదంట" అంది. నాకు ఇన్నేళ్లలో ఈ మాట తెలీదు! పొయ్యి పక్కనే అంట. బతికించడానికే పెట్టింది పాపం. రెండో ఏట నిమ్ము చేసి బతకదనుకున్నారట. భూతవైద్యుడు వచ్చి పొట్ట మీద వాత పెట్టాడట, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నేను అది ఏదో కాలిన మచ్చ అనుకునేవాణ్ణి.

ఇంకొకటి. అమ్మమ్మకు అడ్డపొగ అలవాటు.

---

బొబ్బిలి వీణ | జనవరి 18, రాత్రి 9:03

అడ్డపొగ అంటే తెలియని గోదావరి వాళ్లు కూడా ఇక్కడ చదువుతుంటారు కాబట్టి: చుట్ట నిప్పు ఉన్న కొస నోటి లోపల పెట్టుకొని కాల్చడం. మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, కాల్చేవారు. మా నానమ్మ అలాగే నాట్లు వేసేది, గాలికీ వానకీ ఆరదు కదా. అంగిట్లో పుండు పడి అదే క్యాన్సర్ అయింది. అడ్డపొగ అనగానే అంగిలి క్యాన్సర్ గురించే మాట్లాడుకుంటాం. కడుపులో బిడ్డ ఊపిరి సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

---

నాగావళి నర్సమ్మ | జనవరి 19, ఉదయం 7:30

ఏఎన్ఎంగా (ఊళ్లు తిరిగి తల్లీబిడ్డలను చూసే నర్సుగా) పాతికేళ్లు చేశాను, శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్లే. పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు అని రాస్తాం. తల్లి ఏమీ తినకపోవడం, చిన్న వయసులో పెళ్లి, రక్తం లేకపోవడం, ఇవన్నీ మనకు తెలుసు. కానీ కడుపుతో ఉన్న అమ్మాయి రోజూ మూడు గంటలు పొయ్యి ముందు కూర్చోవడాన్ని మేము ఏ కాలమ్‌లోనూ రాసేవాళ్లం కాదు. అదీ ఎలాంటి పొయ్యి! సముద్రం వైపు ఊళ్లలో సరుగుడు పుల్లలు, ఎండిన కొబ్బరి మట్టలు. ఉద్దానం వైపు జీడి తొక్కు. ఆ తొక్కులో నూనె ఉంటుంది కాబట్టి బాగా అంటుకుంటుంది, నల్లటి ఘాటు పొగ వస్తుంది. ఆ ఇళ్లలో బిడ్డకు టీకా వేయడానికి వెళ్తే నాకే కళ్లు మండేవి. తల్లి మాత్రం బిడ్డను చంకనేసుకొని అలాగే వండేది.

చిన్నోడు బాబూ, మీ అమ్మకు పెళ్లయ్యాక ఎన్నేళ్లు పొయ్యి ఊదిందో కూడా లెక్కేసుకో.

---

చీపురుపల్లి చిన్నోడు | జనవరి 19, ఉదయం 8:10

17కి పెళ్లి, 46కి గ్యాస్. 29 ఏళ్లమ్మా. పుట్టింట్లో వండింది కలపకుండా.

---

పలాస పిక్క | జనవరి 19, ఉదయం 11:45

జీడి తొక్కు మాట వచ్చింది కాబట్టి నేనూ చెప్తాను. మా అమ్మ పిక్కలు కొట్టేది. పాతకాలం బట్టీల్లో పిక్కలు వేపేవారు, ఊరంతా ఒకటే పొగ. ఇప్పుడు చాలాచోట్ల ఆవిరి బాయిలర్లు వచ్చాయి కాబట్టి కాస్త నయం. చేతులకు జీడి రసం అంటి పొక్కిపోతే బూడిద రాసుకొని కొట్టేవారు. అందరికీ ఆ చేతులే కనిపించేవి. దగ్గు వస్తే "పడిశం" అని వదిలేశారు. మా పెద్దమ్మ ఇప్పుడు ఆక్సిజన్ మెషీన్ మీద ఉంది.

కానీ నాకో అనుమానం. అదే బట్టీలో పనిచేసిన మా అమ్మ బాగానే ఉందే?

---

తెల్లకోటు | జనవరి 19, మధ్యాహ్నం 1:15

అమ్మా, గాదెల కొలతలు వేరు. ఇద్దరూ ఏడాదికి ఒకే కొలత తీసినా, చిన్న గాదె ముందు ఖాళీ అవుతుంది. దానికి తోడు టీబీ వచ్చిందా, ఉబ్బసం ఉందా, చిన్నప్పుడు తిండి ఎలా దొరికింది, ఇన్ని కలుస్తాయి. నేపాల్‌లో ఒక జిల్లాలో తల్లులకు గర్భం రాకముందు నుంచి, కాన్పు తర్వాత దాకా తక్కువ మోతాదులో విటమిన్ ఎ ఇచ్చి, వాళ్ల పిల్లలకు తొమ్మిది నుంచి పదమూడేళ్లు వచ్చాక ఊదిస్తే, ఇవ్వని తల్లుల పిల్లల కంటే ఊపిరి కాస్త ఎక్కువుంది. తల్లి తిన్నది పదేళ్ల తర్వాత బిడ్డ ఊపిరిలో కనిపించింది. (దీన్ని చదివి ఎవరూ సొంతంగా విటమిన్ ఎ మాత్రలు మింగకండి. కడుపుతో ఉన్నప్పుడు మోతాదు మించితే బిడ్డకు చేటు.)

---

టెక్కలి రాయి | జనవరి 19, రాత్రి 10:50

గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగు చేశాను, ఎనిమిదేళ్లు. ఇప్పుడు 41. నాలుగేళ్ల కిందట టీబీ వచ్చింది, ఆరు నెలల కోర్సు పూర్తి చేశాను, కళ్లెలో ఏమీ లేదని రాశారు. కానీ సైకిల్ తొక్కలేను. "టీబీ తగ్గిపోయింది కదా, ఇంక నీకేం" అని ఇంట్లోవాళ్లే అంటారు. పనికి ఎగనామం పెడుతున్నాననుకుంటారు. ఎక్స్‌రేలో మచ్చలు ఉన్నాయట. నేను మొహానికి తువ్వాలు కట్టుకునే పని చేశాను. సాయంత్రం తువ్వాలు విదిలిస్తే దుమ్ము రాలేది, అంటే ఆపినట్టే కదా?

---

తెల్లకోటు | జనవరి 20, ఉదయం 6:40

తమ్ముడూ, తువ్వాలు ఆపింది కంటికి కనిపించే దుమ్ము. చెడ్డది కనిపించని దుమ్ము. గ్రానైట్‌లో సిలికా ఉంటుంది, దాని సన్నటి పొడి గాలి తిత్తుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ మచ్చ కట్టడమే సిలికోసిస్. ఆ పొడి పీల్చినవాళ్లకు టీబీ వచ్చే అవకాశం కూడా ఎక్కువే. అంటే నీకు రెండూ కలిసి దెబ్బ కొట్టి ఉండొచ్చు. టీబీ క్రిమి చచ్చినా అది చేసిన గాయం ఉంటుంది. కోర్సు పూర్తయ్యాక మిగిలే ఆయాసం నిజమైనదే, ఎగనామం కాదు. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించు.

ఊదే పరీక్ష చేయించుకో. డాక్టరుకు క్వారీ పని గురించి నోరు తెరిచి చెప్పు, అడిగేదాకా ఆగకు. మళ్లీ ఆ పనికి పోవద్దు. ఇంకా చేసేవాళ్లకైతే నీళ్లు పోస్తూ డ్రిల్లు చేయడమే అసలు రక్షణ, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు దాని తర్వాతే.

---

మెరక వీధి | జనవరి 20, ఉదయం 9:00

సరే, ఒప్పుకున్నాను. కానీ గ్యాస్ వచ్చింది, బట్టీలు పోయాయి. ఇప్పటి పిల్లలకు ఈ గొడవ లేదు కదా?

---

ఊదండమ్మా | జనవరి 20, ఉదయం 9:25

దోమల కాయిల్ ఏ ఇంట్లో లేదు చెప్పండి. తలుపులు మూసి, మంచం కింద, రాత్రంతా. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నటి కణాల బరువు 75 నుంచి 137 సిగరెట్ల దానితో సమానమని తేల్చారు. కాయిల్‌లో పొగాకు లేదు కాబట్టి రెండూ అచ్చంగా ఒకటే అనడం లేదు. కానీ పసిపిల్ల పడుకునే గది అది. దోమతెర కట్టుకోండి.

గ్యాస్ ఉన్న ఇళ్లలోనూ వేణ్నీళ్లకు, ధాన్యం ఉడకబెట్టడానికి పెరట్లో పొయ్యి ఉంటుంది. ఎవరూ లెక్కలో చెప్పరు. నేను "ఇంకా పొయ్యి ఉందా" అని అడగను, "స్నానానికి నీళ్లెక్కడ కాస్తారు" అని అడుగుతాను.

---

నాగావళి నర్సమ్మ | జనవరి 20, ఉదయం 10:10

టీకాలు కూడా రాయండి. నిమ్ముకు వేసే పీసీవీ 2021 నుంచి దేశమంతా ఉచితమే. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. మూడోది చాలామంది ఎగ్గొడతారు.

---

నిర్వాహకుడు | జనవరి 20, సాయంత్రం 5:00

ఒకరు మందు పేరు, డోసు రాశారు. తీసేశాను. పంపు (ఇన్‌హేలర్) మందులు ఎవరికివారు కొనుక్కునేవి కావు.

---

వంశధార గట్టు | జనవరి 21, ఉదయం 5:50

చిన్నోడూ, ఇన్ని చెప్పావు గానీ నీ సంగతి చెప్పలేదు. నువ్వు కాలుస్తావా?

---

చీపురుపల్లి చిన్నోడు | జనవరి 21, రాత్రి 11:32

కాలుస్తాను మాస్టారూ. రోజుకు ఐదారు. ఇంట్లో కాదు, వీధరుగు మీద. వయసు 34. మా ఆవిడకు ఐదో నెల. ఆ అరుగుకు ఆనుకునే మా గది కిటికీ.

అమ్మ నన్ను కడుపుతో ఉన్నప్పుడు ఏ పొయ్యి మీద వండిందో కూడా ఇప్పుడు లెక్కకొచ్చింది. ఈ రెండు రోజులూ అందుకే ఏమీ రాయలేదు.

---

వంశధార గట్టు | జనవరి 22, ఉదయం 5:40

తిట్టను. నేను మానేసేసరికి 60. నువ్వు పాతికేళ్లు ముందున్నావు. మొదటి పది రోజులు నరకం, కాఫీ తాగిన వెంటనే చేయి జేబులోకి పోతుంది. నేను కాఫీ మానేసి మజ్జిగ పట్టాను. నవ్వకు, పనిచేసింది.

---

పలాస పిక్క | జనవరి 22, మధ్యాహ్నం 12:20

మీ అమ్మగారు ఎలా ఉన్నారు? పంపు వాడితే అలవాటైపోతుందని మా పెద్దమ్మ రెండేళ్లు వాయిదా వేసింది. ఆవిడలా చేయనివ్వకండి.

---

చీపురుపల్లి చిన్నోడు | జనవరి 22, రాత్రి 9:15

వాడుతోందండి. మొదట పంపు నొక్కి, తర్వాత పీల్చేది, మందంతా నాలుక మీదే. ప్లాస్టిక్ డబ్బా లాంటి స్పేసర్ ఇచ్చారు, దాంతో కుదిరింది. రోజూ సాయంత్రం స్టేషన్ దాకా నడిపిస్తున్నాం. మొదటి రోజు మూడుచోట్ల కూర్చుంది, ఇవాళ ఒకచోటే. పెరట్లో వేణ్నీళ్ల పొయ్యి తీసేశాం. (అవును ఊదండమ్మా గారూ, మా ఇంట్లోనూ ఉంది. అమ్మే కాసేది.)

---

తెల్లకోటు | జనవరి 23, ఉదయం 7:05

పొయ్యి తీసేయడం మంచి పని. చైనాలో గువాంగ్‌డాంగ్ పల్లెల్లో వంటింటి పొగ బయటికి పోయే ఏర్పాటు చేసి, బయోగ్యాస్ ఇచ్చి తొమ్మిదేళ్లు చూశారు. వాడుకున్నవాళ్లకు ఊపిరి తగ్గే వేగం తగ్గింది. మీ అమ్మగారికి పోయింది రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు. ఫ్లూ టీకా, నిమ్ము టీకా గురించి మీ డాక్టరును అడగండి. వీలైతే మీరూ ఒకసారి ఊదించుకోండి.

---

చీపురుపల్లి చిన్నోడు | జనవరి 29, రాత్రి 8:30

ఈరోజు అమ్మను రెండోసారి చూపించడానికి వెళ్లాం. నేనూ ఊదాను. 78 శాతం. నిష్పత్తి 0.80. సిగరెట్ మానేసి ఎనిమిది రోజులు.

---

తెల్లకోటు | జనవరి 29, రాత్రి 9:10

నిష్పత్తి బాగుంది, గొట్టాలు మూసుకుపోలేదు. సీఓపీడీ కాదు. గాదెలో వెలితి అంతే, దాంతోనే ఇంకో నలభై ఏళ్లు తినాలి. ఏడాది తర్వాత మళ్లీ ఊదండి.

---

ఊదండమ్మా | జనవరి 29, రాత్రి 9:14

ఆ 78 మందు పీల్చక ముందా, తర్వాతా? మూడూ సరిపోయాయా?

---

చీపురుపల్లి చిన్నోడు | జనవరి 29, రాత్రి 9:26

తర్వాతే అండి. మూడూ సరిపోయాయి. మూడోసారి మధ్యలో వదిలేయబోయాను. అమ్మ బెంచీ మీంచి లేచి వచ్చి, ఆ టెక్నీషియన్ అమ్మాయి కంటే గట్టిగా "ఊదరా, ఊదరా, ఇంకా ఉంది ఊదు" అంటోంది.